ప్రశ్న–జవాబు: ముంబయికి కొత్తగా వెళ్తున్నవారికి

ప్రశ్న: అమ్మను పరేల్‌లోని టాటా క్యాన్సర్ ఆసుపత్రిలో చూపించమన్నారు. దేవగిరి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు తీశాం. చివరి స్టేషన్ సీఎస్‌ఎంటీలో (ఛత్రపతి శివాజీ మహారాజ్ టర్మినస్) దిగి లోకల్ రైల్లో వెనక్కి రావచ్చా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: సీఎస్‌ఎంటీ దాకా వెళ్ళకండి, దానికంటే ముందే వచ్చే దాదర్‌లో దిగండి. రైలు చివర ఆగే స్టేషనే ఊరి నడిబొడ్డు అనుకోవడం మనకు అలవాటు. ముంబయి అలాంటి ఊరు కాదు. ఉత్తర దక్షిణాలుగా సన్నగా సాగిపోయిన ఊరు. సీఎస్‌ఎంటీ దక్షిణపు కొసన ఉంటుంది, పరేల్ దాదర్‌కు ఆనుకునే ఉంటుంది. కొస దాకా పోతే పెద్దావిడతో, పెట్టెలతో వచ్చిన దారినే తిరిగి రావాలి.

దాదర్‌లో తూర్పు వైపు, అంటే ‘ఈస్ట్’ వైపు బయటికి రండి. ఆసుపత్రి ఆ వైపే, రెండు మూడు కిలోమీటర్లలో ఉంటుంది. నలుపు-పసుపు టాక్సీ ఎక్కి మీటరు వేయించండి. 2025 ఫిబ్రవరి నుంచి మొదటి కిలోమీటరున్నరకు 31 రూపాయలు. రాత్రి 12 నుంచి తెల్లవారుజామున 5 దాకా మీటరు మీద పావు వంతు ఎక్కువ తీసుకుంటారు, అది నియమమే. రోగితో, సామానుతో వచ్చిన మొదటి రోజే లోకల్ ఎక్కే ఆలోచన మానుకోండి.

విశాఖ, కాకినాడ వైపు నుంచి ఎల్‌టీటీకి, అంటే కుర్లా దగ్గరి లోకమాన్య తిలక్ టర్మినస్‌కి, వచ్చేవారికి ఇంకో చిక్కు ఉంది. అక్కడికి దగ్గరి లోకల్ స్టేషన్ తిలక్‌నగర్. అది హార్బర్ అనే వేరే లోకల్ లైను మీద ఉంది, ఆ లైను పరేల్‌కు వెళ్ళదు. బయట కనిపించిన ఆటో ఎక్కినా లాభం లేదు. ఆటోలు సయన్ దాటి దక్షిణానికి రాకూడదు. అక్కడ కూడా టాక్సీయే మేలు.

ప్రశ్న: లోకల్ రైళ్ళ బోర్డులు చూస్తే తల తిరుగుతోంది. ఏది ఎక్కాలో, ఏ డబ్బాలో ఎక్కాలో చెబుతారా?
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: ముందు లైను తేల్చుకోండి. చర్చిగేట్ నుంచి బాంద్రా, అంధేరీ, బోరివలి, విరార్ వైపు పోయేది వెస్టర్న్. సీఎస్‌ఎంటీ నుంచి కుర్లా, ఠాణె, కల్యాణ్ వైపు పోయేది సెంట్రల్. హార్బర్ లైను సీఎస్‌ఎంటీ నుంచి వాశి, పన్వేల్ వైపు పోతుంది. వెస్టర్న్, సెంట్రల్ రెండూ కలిసే పెద్ద చోటు దాదర్. అక్కడ 2023 డిసెంబరులో ప్లాట్‌ఫాం నంబర్లు మార్చారు. ఇప్పుడు 1 నుంచి 7 వెస్టర్న్‌వి, 8 నుంచి 14 సెంట్రల్‌వి. పాత నంబర్లు గుర్తున్న బంధువులు ఫోన్లో చెప్పేది నమ్ముకుని పరిగెత్తకండి.

ప్లాట్‌ఫాం మీది ఇండికేటర్ బోర్డులో రైలు చేరే ఊరికి పొట్టి గుర్తు ఉంటుంది: చర్చిగేట్‌కు సి, బోరివలికి బీఓ, విరార్‌కు వీఆర్, ఠాణెకు టి, కల్యాణ్‌కు కె. దాని పక్కన ఎస్ ఉంటే స్లో, అన్నిచోట్లా ఆగుతుంది. ఎఫ్ ఉంటే ఫాస్ట్. కొత్తవాళ్ళు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. చర్చిగేట్ నుంచి ప్రభాదేవికి వెళ్ళాల్సిన మనిషి ఫాస్ట్ ఎక్కితే, ఆ స్టేషన్ కిటికీలోంచి కనబడి వెనక్కి పోతుంది, రైలు దాదర్‌లో ఆగుతుంది. పరేల్‌కూ అంతే, చాలా ఫాస్ట్‌లు అక్కడ ఆగవు. చిన్న స్టేషన్ అయితే స్లోయే ఎక్కండి.

అదే బోర్డులో కనిపించే 12 లేక 15 అన్న అంకె డబ్బాల సంఖ్య. 12 డబ్బాల రైలైతే ప్లాట్‌ఫాం కొసన నిలబడ్డవారికి ఖాళీ పట్టాలే మిగులుతాయి. అందుకని మధ్యలో నిలబడండి.

ఫస్ట్ క్లాస్ డబ్బాలో సీట్లు కాస్త మెత్తన, జనమూ కాస్త తక్కువ. బయటినుంచి చూస్తే మాత్రం సెకండ్ క్లాస్‌లాగే ఉంటుంది, అదే రైలుకు మధ్యలో తగిలించి ఉంటుంది. ఎరుపు-పసుపు ఏటవాలు చారలు చూసి గుర్తుపట్టాలి. సెకండ్ క్లాస్ టికెట్‌తో అందులో దొరికితే ఛార్జీ తేడాతోపాటు కనీసం 250 రూపాయల జరిమానా. తెలియదన్నా టీసీ వదలడు. సెకండ్ క్లాస్ టికెట్ 5 రూపాయలతో మొదలవుతుంది కాబట్టి ఆ జరిమానా మనసుకు గట్టిగానే తగులుతుంది. టికెట్ కిటికీ దగ్గరా, యంత్రంలోనూ, రైల్వే యాప్‌లోనూ తీయవచ్చు. యాప్‌లో అయితే స్టేషన్ బయట ఉండగానే తీసుకోండి. రోజంతా తిరిగే పని ఉంటే 1, 3, 5 రోజుల టూరిస్ట్ టికెట్ అడగండి, ప్రతిసారీ వరసలో నిలబడే బాధ తప్పుతుంది.

స్త్రీల డబ్బా మీద ఆడమనిషి బొమ్మ ఉంటుంది. కొడుకు వెంట ఉన్న తల్లి అందులో ఎక్కితే కొడుకు వేరే డబ్బాలో ఎక్కాలి. దిగే స్టేషన్ పేరు ఆమె చేతిలో కాగితం మీద రాసి ఇవ్వండి. దివ్యాంగుల డబ్బాలో క్యాన్సర్ రోగులు కూడా ఎక్కవచ్చు, ఆసుపత్రి కాగితం దగ్గర ఉండాలి.

పొద్దున 8 నుంచి 11 దాకా దక్షిణానికి, సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఉత్తరానికి వెళ్ళే రైళ్ళు వదిలెయ్యండి. ఆదివారం పట్టాల మరమ్మతు కోసం ‘మెగా బ్లాక్’ పెడతారు. ఏ లైన్లో, ఎన్నింటి నుంచి అన్నది శనివారమే చూసుకోవాలి.

ప్రశ్న: అక్కడివాళ్ళు తోసుకుంటూ పోతారట, దారి అడిగినా ఆగరట. మా ఊళ్ళో అయితే ఇంటిదాకా తీసుకెళ్ళి దిగబెడతారు. అంత కఠినులా?
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: కఠినులు కారు. లోకల్ ఒక్కో స్టేషన్లో ఆగేది అర నిమిషం లోపే. ఆ కాసేపట్లో ఒక్కో తలుపు నుంచి పదులమంది దిగి, పదులమంది ఎక్కాలి. తలుపులో ఒక్కరు నిలబడిపోతే వెనక అందరి ప్రయాణమూ చెడుతుంది. అందుకే తోస్తారు.

మీరు చేయవలసింది ఇది. దిగాల్సిన చోటికి రెండు స్టేషన్ల ముందే లేచి తలుపు వైపు నడవండి. ముందున్న మనిషిని ‘దాదర్ ఉతర్నా హై?’ (దాదర్‌లో దిగుతారా?) అని అడగండి. అవునంటే ఆయన వెనకే నిలబడండి, కాదంటే ఆయనే పక్కకు జరిగి దారి ఇస్తాడు. ప్లాట్‌ఫాం ఏ వైపు వస్తుందో కూడా అప్పుడే అడగండి. వీపు సంచి ముందుకు తగిలించుకోండి. కదిలే రైలు ఎక్కేవాళ్ళను చూసి మీరు ఎక్కకండి, వాళ్ళది ఏళ్ళ అలవాటు.

ఆ జనంలోనే ఇంకో మర్యాద చూస్తారు. ముగ్గురు కూర్చునే బల్ల మీద నాలుగో మనిషికి జరిగి చోటిస్తారు. ‘ఫోర్త్ సీట్’ అంటారు దాన్ని, అడగడానికి మొహమాటపడకండి. ఇక బస్సు దగ్గర మన పద్ధతి పనికిరాదు. కిటికీలోంచి తువాలు వేసి సీటు ఆపడం అక్కడ లేదు. స్టాపులో వరస కడతారు, వరస చివర నిలబడాలి. బస్సు ముందు నంబరు మరాఠీ అంకెల్లో ఉంటుంది, బస్సు పక్కవైపున మనకు తెలిసిన అంకెల్లో కూడా ఉంటుంది.

దారి అడిగేటప్పుడు ‘గడియారస్తంభం దగ్గర’ అన్నట్టు గుర్తులు చెబితే అక్కడ అర్థం కాదు. స్టేషన్ పేరు, ఈస్టా వెస్టా, ఆ తర్వాతే వీధి పేరు. అంధేరీ ఈస్ట్ చిరునామాకు వెస్ట్ వైపు దిగితే మళ్ళీ మెట్ల వంతెన ఎక్కి పట్టాలు దాటాలి, ఎండలో సామానుతో అదొక పరీక్ష.

ప్రశ్న: జులైలో వెళ్ళాలి. వానలకు రైళ్ళు ఆగిపోతాయా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: కొన్ని రోజులు ఆగుతాయి. కాలవల నీరు సముద్రంలోకి పోవాలి. భారీ వాన, సముద్రపు పోటు ఒకే వేళకు వస్తే ఆ నీరు పోలేక కుర్లా, సయన్ దగ్గర పట్టాల మీద, హింద్‌మాతా దగ్గర రోడ్డు మీద నిలుస్తుంది. పొద్దున్నే పోటు వేళ పేపర్లో చూడండి. గట్టి వాన పడుతుంటే ఆ వేళకు ఇంటిపట్టునే ఉండండి. తిరుగు రైలు ఉన్న రోజు కనీసం నాలుగు గంటలు ముందే బయల్దేరండి.