కొండవాలు జీడితోటకు ఏ వాకీటాకీ సరిపోతుంది?

గుణుపురం దగ్గర కొండవాలులో జీడితోట, కింద వంశధార ఒడ్డున మోటారు, మధ్యలో ఫోన్ సిగ్నల్ లేదన్నారు. ‘10 కిలోమీటర్ల రేంజ్’ అంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న 5 వాట్ల వాకీటాకీ జత కొనొచ్చా అని అడిగారు. కొనకండి. పర్లాకిమిడి దగ్గర మాదీ అచ్చం అలాంటి తోటే. నేను కొని చూశాను కాబట్టి చెబుతున్నాను.

మొదటి రోజు ఒక సెట్టు అన్నయ్యకిచ్చి మోటారు దగ్గర నిలబెట్టి, రెండోది పట్టుకుని తోటలోకి నడిచాను. పాక దాటేదాకా పక్కన కూర్చుని మాట్లాడినట్టే వినబడింది. గుట్ట చుట్టూ తిరిగి అవతలి వాలులోకి దిగాక వట్టి గరగర. అక్కడికి 800 మీటర్లు కూడా ఉండదు. అదే గుట్ట మీద బండ ఎక్కి నిలబడితే మళ్లీ అన్నయ్య గొంతు, వెనకాల మోటారు చప్పుడుతో సహా వినబడింది.

ఈ తరంగాలు ఇంచుమించు మన చూపులాగే తిన్నగా పోతాయి. చెట్ల ఆకులు కొంత మింగేస్తాయి, మట్టి గుట్ట పూర్తిగా ఆపేస్తుంది. చదునైన నేల మీద కూడా మనిషి ఎత్తున పట్టుకున్న రెండు సెట్లకు 10 కిలోమీటర్ల దగ్గర భూమి వంపే అడ్డొస్తుంది. అంటే పెట్టె మీద రాసిన లెక్క చెట్టూ పుట్టా లేని మైదానంలో కూడా కష్టమే. అర వాటు నుంచి 5 వాట్లకు పోతే పవర్ పది రెట్లు పెరుగుతుంది కానీ, ఏ అడ్డూ లేనిచోట కూడా దూరం మూడు రెట్లే పెరుగుతుంది. గుట్ట అడ్డముంటే అదీ దక్కదు.

పైగా ఆ 5 వాట్ల సెట్లకు లైసెన్సు కావాలి. నాకు అమ్మినవాళ్లు ఆ మాటే ఎత్తలేదు. తెలిశాక వాటిని వాడటం మానేశాను. మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 2018 నిబంధనల్లో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకు వదిలారు, పవర్ అర వాటుకు మించకూడదు. ఫ్రీక్వెన్సీ, అనుమతి వివరాలు చెప్పకుండా వాకీటాకీలు అమ్ముతున్నారని 2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 13 ఆన్‌లైన్ అమ్మకపు వేదికలకు నోటీసులిచ్చింది కూడా. కాబట్టి కొనేముందు ఫ్రీక్వెన్సీ ఎంత, ఈటీఏ సర్టిఫికెట్ (రేడియో పరికరానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి పత్రం) ఉందా అని అడగండి. బిల్లు, ఆ సర్టిఫికెట్ కాపీ పాకలో ఉంచండి. మన సరిహద్దు మన్యంలో చేతిలో రేడియో కనబడితే పోలీసులు ఆరా తీయడం సహజమే.

అర వాటు సరిపోతుందా అంటారేమో. మాకు సరిపోయింది, కానీ రెండు కాదు, మూడు సెట్లు కొన్నాం. మూడోది గుట్ట మీద మంచెలో ఉంటుంది. మోటారు దగ్గరి మాట అవతలి వాలుకు, అక్కడి మాట ఇటు, మంచె మీది మనిషి అందిస్తాడు. ఏనుగులు దిగే రోజుల్లో రాత్రి కాపలా ఎలాగూ అక్కడే కదా. మీ తోటలోనూ ముందు అలాంటి ఎత్తైన చోటు వెతకండి.

సిమ్ వేసుకునే వాకీటాకీలు ‘దేశమంతా రేంజ్’ అని చూపిస్తారు. అవి ఫోన్ టవర్ మీదే నడుస్తాయి. మీకు సిగ్నలే లేనప్పుడు అవెందుకు? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా వైపు టవర్లూ కరెంటూ రెండూ పోయాయి. అప్పటినుంచి పవర్ బ్యాంకుతో ఛార్జ్ అయ్యేదో, మామూలు పెన్సిల్ సెల్స్ వేసుకునేదో తప్ప నేను కొనను. ఐపీ67 అని ఉంటే మంచిది, మీటరు లోతు నీళ్లలో అరగంట పడున్నా తట్టుకుంటుంది. మోటారు దగ్గర ఉండే సెట్టుకైతే అది తప్పనిసరి. చానల్‌తోపాటు ‘ప్రైవసీ కోడ్’ అని ఒకటుంటుంది. అది పక్కవాళ్ల మాటలు మీకు వినబడకుండా చేస్తుందంతే, మీ మాటలు ఎవరైనా వినొచ్చు. అందుకే జీడిపిక్కల బేరాలు అందులో మాట్లాడకండి.

ఇంకొకటి, కొన్నాక మీ మనుషులకు తప్పకుండా నేర్పాల్సింది. బటన్ నొక్కి ఒక్క క్షణం ఆగి మాట్లాడాలి, మాట పూర్తయ్యాకే వదలాలి. మా అన్నయ్యకు ఒకసారి "మోటార్ ఆపొద్దు" అని చెబుతూ తొందరలో బటన్ వదిలేశాను. ఆయనకు "మోటార్ ఆపు" అన్నట్టు వినబడింది, ఆపేశాడు. ఆ పూట మొక్కలకు నీళ్లు లేవు. మన భాషలో ‘వద్దు’, ‘లేదు’ చివరనే వస్తాయి, తెగేదీ చివరే. అప్పటినుంచి మేం "మోటార్ నడవనీ" అంటాం, విన్నవాళ్లు అదే మాట తిరిగి చెబుతారు.

ఇప్పుడే డబ్బు పెట్టకండి. తెలిసినవాళ్ల దగ్గర 446 మెగాహెర్ట్జ్ సెట్ల జత ఒక్క రోజుకు అడిగి తీసుకుని, ఒకరు మోటారు దగ్గర నిలబడి, ఒకరు గట్ల వెంట తిరగండి. గొంతు ఎక్కడ తెగుతుందో అక్కడ చెట్టుకు గుడ్డపీలిక కట్టండి. ఆ పీలికలు చూస్తే మీకు రెండు సెట్లు చాలో, మూడు కావాలో తెలిసిపోతుంది.