అందరూ ‘నీవల్ల కాదు’ అంటుంటే ఆటలో ఎలా నిలబడాలి?

లాంగ్ డిస్టెన్స్ పరుగు ఆడపిల్లల ఒంటికి పడదని కోచ్, ఇంట్లోవాళ్లు అంటున్నారని, ఈ మాటల మధ్య ఎలా నిలబడాలని అడిగారు. నాకూ ఇదే జరిగింది కాబట్టి రాస్తున్నాను.

నాకప్పుడు పదహారేళ్లు. 100, 200 మీటర్లలో ఎప్పుడూ వెనకే ఉండేదాన్ని. కానీ మిగతావాళ్లు ఆయాసంతో ఆగిపోయాక కూడా నాకు ఇంకా పరుగెత్తాలనిపించేది. 1500కి నా పేరు రాయమని కోచ్‌ని అడిగాను. “మధ్యలో కళ్లు తిరిగి పడిపోతే ఎవరిది బాధ్యత?” అన్నారు. ఆయన చెడ్డవారు కాదు, నిజంగానే భయపడ్డారు. అందుకే ఆ మాట నాలో బాగా నాటుకుపోయింది. కొన్ని నెలలు నేనూ నమ్మేశాను.

ఆ భయం ఎంత పాతదో తర్వాత చదివితే తెలిసింది. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి మహిళలకు 800 మీటర్లు పెట్టారు. జర్మనీ రన్నర్ లీనా రాడ్కె 2 నిమిషాల 16.8 సెకన్లలో ప్రపంచ రికార్డుతో గెలిచింది. ఫైనల్లో దిగిన తొమ్మిది మందీ రేసు పూర్తి చేశారు. పత్రికలు మాత్రం సగం మంది మధ్యలోనే కుప్పకూలినట్టు రాశాయి. రేసు అయ్యాక నేల మీద చతికిలబడడం మగవాళ్లూ చేసేదే కదా! ఆ పోటీ తీసేశారు. మళ్లీ పెట్టింది 1960లో, రోమ్‌లో. ఆ 32 ఏళ్లలో స్టార్ట్ లైన్ దాకా రాకుండానే వయసు దాటిపోయిన అమ్మాయిలను తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

1967లో కేథరిన్ స్విట్జర్ బోస్టన్ మారథాన్‌లో పరుగెత్తుతుంటే నిర్వాహకుల్లో ఒకాయన వెంటపడి ఆమె 261 నంబరు లాగేయబోయాడు. ఆమె ఆగలేదు, పూర్తి చేసింది. అక్కడ ఆడవాళ్లకు అధికారికంగా అనుమతి వచ్చింది 1972లో.

ఇక నేను చేసింది. వాదించడం మానేశాను. తెల్లవారుజామున ట్రాక్ ఖాళీగా ఉన్నప్పుడు మూడు ముప్పావు రౌండ్లు పరుగెత్తేదాన్ని, స్నేహితురాలు స్టాప్‌వాచ్ పట్టుకునేది. తేదీ, టైమింగ్ నోట్‌బుక్‌లో రాసేవాళ్లం. మొదటి రోజు 6:52. మూడో రౌండ్‌లో డొక్కలో పోటు వచ్చి, ‘సార్ చెప్పిందే నిజమేమో’ అనిపించేది. నాలుగు నెలలకు 5:48 వచ్చింది. నోట్‌బుక్ తీసుకెళ్లి కోచ్ ముందు పెట్టాను. పేజీలన్నీ తిప్పి, “రేపు నా ముందు పరుగెత్తు” అన్నారంతే. మర్నాడు 5:51. ఆయన వాచ్‌ని రెండుసార్లు చూసుకుని పేరు రాశారు. పోటీలో ఐదో స్థానం వచ్చింది. చెస్ట్ నంబర్ పిన్ను ఒకటి ఊడిపోయి చివరి రౌండంతా ఆ కాగితం పొట్టకి టపటపా కొట్టుకుంటూనే ఉంది. ఆ చప్పుడు ఇప్పటికీ గుర్తుంది.

మీవాళ్ల భయంలో పట్టించుకోవాల్సింది ఒకటి ఉంది. ముందు డాక్టర్‌కి చూపించుకోండి, ముఖ్యంగా హిమోగ్లోబిన్ చెక్ చేయించుకోండి. అది తక్కువగా ఉంటే త్వరగా అలసిపోతారు, మీ శక్తి మీద మీకే అనవసరంగా అనుమానం వస్తుంది. దూరం కొంచెం కొంచెంగా పెంచండి. ఈ వారమే మొదటి టైమింగ్ తీసుకుని రాసి పెట్టండి. ఎంత ఎక్కువ వచ్చినా ఆ పేజీ చింపకండి, మీ కోచ్‌కి ముందు చూపించాల్సింది అదే.