కనిపెట్టుకోవడం అంటే చేతులు కట్టుకు కూర్చోవడమా?

వందనాలు బ్రదర్. డిగ్రీ అయ్యి నాలుగేళ్ళయినా ఉద్యోగం లేదని, మందిరంలో ఎవరిని అడిగినా "దేవునికొరకు కనిపెట్టుకో" (ఆయన కోసం ఎదురుచూడు) అంటారు తప్ప ఏం చెయ్యాలో చెప్పరని, విసుగొస్తే అది అవిశ్వాసమేనా అని అడిగారు. ఆ మాట నేనూ ఐదేళ్ళు విన్నాను. విన్నప్పుడల్లా ఒళ్ళు మండేది.

మాది నర్సాపురం వైపు, కాలవ శివారు. నా బీఎస్సీ 2006లో అయింది. గవర్నమెంటు ఉద్యోగం కోసం ప్రార్థన, పరీక్షలు. రెండుసార్లు కొద్దిలో పోయింది. మందిరంలో సాక్ష్యాలు మొదలయ్యాయంటే చాప చివరికి జరిగిపోయేవాణ్ణి. ఎవరో లేచి "పదేళ్ళు కనిపెట్టుకున్నాం, ప్రభువు కార్యం చేశాడు" అని ఒక్క ముక్కలో చెప్పి కూర్చునేవారు. ఆ పదేళ్ళలో ఆ ఇంట్లో ఎన్ని రాత్రులు అన్నం సహించలేదో ఎవరూ చెప్పరు. నన్నడిగితే అది చెబితేనే సాక్ష్యం.

మూడో ఏడు నాకు ఓపిక పోయింది. గల్ఫ్‌లో స్టోర్‌కీపర్ పని ఉందని ఒక ఏజెంటు చెబితే అమ్మ గాజులు తాకట్టు పెట్టి 70 వేలు కట్టాను. "దేవుడే దారి చూపించాడు" అని ఇంట్లో నేనే అన్నాను. నిజానికి ఆ విషయం మీద ప్రార్థన చెయ్యలేదు, వద్దంటాడేమోనని. వీసా రాలేదు, ఏజెంటు ఫోను స్విచ్చాఫ్.

అబ్రాహాము సంగతి అప్పుడు వేరేగా కనిపించింది. పిలుపు అందుకుని హారాను నుంచి బయల్దేరినప్పుడు ఆయనకి 75 ఏళ్ళు, ఇస్సాకు పుట్టినప్పుడు 100. మధ్యలో, 86వ ఏట, దాసి హాగరు ద్వారా ఇష్మాయేలు. కొడుకునిస్తానని దేవుడన్న మాటని తామే నెరవేర్చేద్దామన్న తొందర అది. ఆ తొందరకి అరణ్యంలో ఏడ్చింది హాగరు. మా ఇంట్లో అమ్మ.

ఆ ఏడు సార్వాకి, అంటే వానాకాలం వరికి, నాన్న నన్ను కూడా చేనుకి రమ్మన్నారు. మాకున్నది ఎకరంన్నర. ఎండాకాలం కాలవలు కట్టేస్తారు, మళ్ళీ జూన్ వస్తే గానీ వదలరు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేసిన దగ్గర్నుంచీ డెల్టాకి గోదారి నీళ్ళకి లోటు లేదంటారు. కానీ ఆనకట్ట దగ్గర విజ్జేశ్వరంలో కాలవకి వదిలిన నీళ్ళు పైవాళ్ళ చేలన్నీ తడిసి మా శివారుకి దిగేసరికి మా ప్రాణాలు పోయేవి. ఆకుమడిలో నారు ముదిరిపోతోంది, చేను దమ్ము చేద్దామంటే నీళ్ళు లేవు. వంతు మాదే, అయినా రాత్రి కాపలా ఉండాలి.

నాన్న చేలోకి నీళ్ళొచ్చే బోదెలో ఒక వెదురుపుల్ల గుచ్చి, నీళ్ళెక్కడ ఉన్నాయో ఆ కాస్త పైన కత్తితో గీత పెట్టారు. గట్టు మీద గోనె పరుచుకుని కూర్చున్నాం. అరగంటకోసారి టార్చి వేసి ఆ గీత చూడటం. మధ్యలో ఆయన ఊరికే ఉంటే కదా! తూముకి అడ్డం పడ్డ గుర్రపుడెక్క లాగేశారు. గట్టు పొడుగునా చెయ్యి పెట్టి తడుముకుంటూ పీత బొరియలు వెతికి, బంకమట్టి ముద్దలు చేసి కుక్కారు. దోమలకి నాకు పిచ్చెక్కుతోంది.

"నీళ్ళు ఎప్పుడొస్తాయి నాన్నా?" అన్నాను.

"రప్పించడం మన చేతిలో ఉందేంట్రా? వచ్చాక పక్కోడి చేలోకి పోకుండా చూసుకోవాలి గానీ."

నాలుగో రాత్రి రెండు దాటాక టార్చి వేస్తే గీత కనపడలేదు. మునిగిపోయింది. నాన్న ఏమీ అనకుండా పార తీసుకుని లేచారు.

యాకోబు పత్రిక 5:7లో వ్యవసాయకుడు విలువైన భూఫలము నిమిత్తము "దానికొరకు కనిపెట్టును గదా" అని ఉంది. ఎన్నిసార్లు చదివానో, ఆ ఊడ్పులు అయ్యాక గానీ ఎక్కలేదు. "పాలు పొయ్యి మీద ఉన్నాయి, కాస్త కనిపెట్టుకుని ఉండు" అని ఇంట్లో అంటే పడుకోమని ఎవరూ అనుకోరు, కన్ను వేసి ఉంచమనే కదా. మందిరంలోకి వచ్చేసరికి ఆ మాటకి చాప మీద కూర్చోవడం అని అర్థం ఎందుకొచ్చిందో నాకు తెలీదు. 130వ కీర్తనలో ఉదయం కోసం కనిపెట్టేది కావలివాళ్ళు. కావలివాడు నిద్రపోతే ఉద్యోగం ఊడుతుంది.

కాబట్టి పరీక్షలు రాయడం మానకండి. దొరికిన చిన్న పని పట్టుకోండి, అది చేస్తే విశ్వాసం తగ్గినట్టు కాదు. నేను ఇంటి అరుగు మీద టెన్త్ పిల్లలకి లెక్కలు చెప్పడం మొదలెట్టాను, నెలకి మనిషికి వంద రూపాయలు. అదే నా పీత బొరియల పని. ఉద్యోగానికి ఎవరైనా ముందు డబ్బు కట్టమంటే మాత్రం కట్టకండి, వాళ్ళు వాక్యం చెప్పి అడిగినా సరే.

ఇక విసుగు సంగతి. 13వ కీర్తన "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలవుతుంది. దావీదు ఆ టెన్షన్ అంతా దేవుడి ముందే కక్కేశాడు, దాన్ని తియ్యకుండా బైబిల్లో ఉంచారు. విసుగొస్తే తిట్టుకోండి, కాకపోతే ఆయనతోనే. నేను గల్ఫ్ గొడవ తర్వాత ఏడు నెలలు ప్రార్థనే మానేశాను. ఇప్పటికీ నాకు బాధగా ఉండేది ఆ ఏడు నెలలే. "నీకు విశ్వాసం తక్కువ" అనేవాళ్ళకి జవాబు చెప్పక్కర్లేదు. కష్టాల్లో ఉన్న యోబుతో ఆయన స్నేహితులూ అలాగే మాట్లాడి చివర్లో దేవుడితో చీవాట్లు తిన్నారు.

2011లో నాకు ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారు పని వచ్చింది. నేనడిగింది అది కాదు. ఆ అరుగు ట్యూషన్లు లేకపోతే అదీ వచ్చేది కాదు. ఇదే దేవుని చిత్తమని ఢంకా బజాయించి చెప్పలేను గానీ, పొద్దున్నే బోర్డు మీద తేదీ రాసేటప్పుడు సంతోషంగానే ఉంటుంది.

అన్ని ప్రార్థనలకీ జవాబు వచ్చేసినవాణ్ణి అనుకోకండి. మా తమ్ముడు 2014లో నాన్నతో గొడవపడి ఇంట్లోంచి వెళ్ళిపోయాడు. ఇంతవరకు కబురు లేదు. అమ్మ తన పాత ఫోను నంబరు మార్చనివ్వదు, వాడికి కంఠతా వచ్చిన నంబరు అదొక్కటే. రీచార్జి అయిపోవడానికి రెండు రోజుల ముందే నాకు గుర్తు చేస్తుంది.