కంటి లెన్స్ ప్రోటీన్ల మీద పీహెచ్‌డీ చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ పూర్తి చేసింది. మాస్ స్పెక్ట్రోమెట్రీతో కంటి లెన్స్ ప్రోటీన్ల మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఇంత చిన్న టాపిక్ పట్టుకుంటే తర్వాత ఉద్యోగం దొరుకుతుందా అని మాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: టాపిక్ చిన్నదే కానీ పని నేర్చుకోవడానికి చాలా మంచిదండీ. లెన్స్ నడిమధ్య కణాల్లో కేంద్రకం కూడా మిగలదు, కొత్త ప్రోటీన్ తయారవదు, అంటే మనం పుట్టకముందు ఏర్పడిన క్రిస్టలిన్లే (లెన్స్‌లోని ముఖ్యమైన ప్రోటీన్లు) ముసలితనం వరకూ అక్కడే ఉంటాయి. ఉంటాయి గానీ పాడవుతూ ఉంటాయి. కొన్ని తెగుతాయి, కొన్ని ఆక్సిడైజ్ అవుతాయి, కొన్నిట్లో డీఅమిడేషన్ (అమైడ్ భాగం పోయి ఆమ్లంగా మారడం) జరుగుతుంది, అలా అలా ముద్దకట్టి వెలుతురును చెదరగొడితే అదే శుక్లం. ఈ మార్పుల్ని బరువులో తేడా చూసి పట్టుకోవడమే మాస్ స్పెక్ట్రోమీటర్ అనే ఆ మెషిన్ పని.

చిక్కంతా ఇక్కడే. డీఅమిడేషన్‌తో పెరిగే బరువు 0.984 డాల్టన్లు (అణువుల బరువు కొలిచే యూనిట్). ప్రోటీన్ ముక్కలో మామూలు కార్బన్ బదులు కాస్త బరువైన కార్బన్-13 ఒక్కటి ఉన్నా 1.003 పెరుగుతుంది. తేడా 0.019, అంతే! సాఫ్ట్‌వేర్ ఒకదాన్ని చూసి రెండోదని రాసేస్తుంది, చూసుకోకపోతే అదే థీసిస్‌లోకి ఎక్కేస్తుంది. పైగా ప్రోటీన్‌ను ముక్కలు చేసే ట్రిప్సిన్ ఎంజైమ్ వేసి రాత్రంతా 37 డిగ్రీల్లో ఉంచితే ఆ మార్పు కొంత ట్యూబులోనే జరిగిపోతుంది, ఇక అది కంట్లో వచ్చిందో మన చేతుల్లో వచ్చిందో తేల్చుకోవాలి. ప్రోటీన్‌లోని ఆస్పార్టిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లం రూపం మారినప్పుడైతే బరువు అసలు మారదు, ఎక్కువగా ప్రోటీన్ ముక్కల్ని విడదీసే గొట్టం (కాలమ్) లోంచి అది ఎప్పుడు బయటికొచ్చిందో చూసి ఊహించాల్సి ఉంటుంది.

ఇలా అనుమానించడం వచ్చిన వాళ్లకి పని దొరుకుతుంది. యాంటీబాడీ మందులు తయారుచేసే కంపెనీల్లో ఇవే డీఅమిడేషన్, ఆక్సిడేషన్ రోజూ చూస్తారు, అక్కడ లెన్స్ గురించి ఎవరూ అడగరు.

అయితే చేరేముందు ఒక్క సంగతి కనుక్కోమనండి: మెషిన్ మీద తనే కూర్చుంటుందా, లేక సాంపిల్ ఇచ్చేసి ఎక్సెల్ షీట్ తెచ్చుకోవడమేనా? రెండోదైతే నేను వద్దనే అంటాను. పైథాన్ గానీ ఆర్ గానీ ఏదో ఒక ప్రోగ్రామింగ్ భాష, కాస్త స్టాటిస్టిక్స్, ఇవి ఇప్పట్నుంచే మొదలుపెట్టొచ్చు.

అన్నేళ్ల చదువంటే మీకు మరీ బెంగగా ఉంటే ముందు ల్యాబ్‌లో ఉద్యోగం చేయనివ్వండి. పెద్ద ప్రోటీన్లను లేజర్‌తో అయాన్లుగా మార్చినందుకు 2002లో నోబెల్ అందుకున్న కొయిచి తనకా కంపెనీ ఇంజినీరే, అప్పటికి ఆయనకు పీహెచ్‌డీ లేదు. అందరికీ అలా జరగదనుకోండి, కానీ ఏడాది మెషిన్ దగ్గర గడిపితే ఇది తనకి నచ్చే పనో కాదో అమ్మాయికే తెలిసిపోతుంది.