ఆఫీసు నెట్‌వర్క్‌లో లూప్ ఎక్కడుందో కనిపెట్టడం ఎలా?

కంప్యూటర్లను కలిపే ఐదు నెట్‌వర్క్ స్విచ్‌ల మీద లైట్లన్నీ ఒక్కసారిగా ఆగకుండా మెరుస్తున్నాయని, పక్క గదిలోని ప్రింటర్ కూడా అందడం లేదని, రీస్టార్ట్ చేస్తే రెండు నిమిషాలు బాగుండి మళ్లీ మొదటికి వస్తోందని రాశారు. ఇవి దాదాపుగా లూప్ లక్షణాలే. అంటే కేబుళ్లు ఎక్కడో వలయంలా కలిసిపోయి, ఒకే సందేశం అందులో ఆగకుండా తిరుగుతోందన్నమాట. దయచేసి ఇక రీస్టార్ట్ చేయకండి. గోల నడుస్తున్నప్పుడే అది ఎటు నుంచి వస్తోందో తెలుస్తుంది. ఆపేస్తే ఆ ఆనవాళ్లు కూడా పోతాయి.

నెట్‌వర్క్‌ల మధ్య డేటాను మోసే ఐపీ ప్యాకెట్‌కు టీటీఎల్ అనే ఆయుష్షు ఉంటుంది. ప్రతి రౌటర్ దగ్గర ఒకటి తగ్గి, సున్నా అయితే అంతటితో సరి. స్విచ్‌ల మధ్య ఆ ప్యాకెట్‌ను మోసే కవరు లాంటి ఈథర్నెట్ ఫ్రేమ్‌కు అలాంటిదేమీ లేదు. ఒక్క ఏఆర్‌పీ బ్రాడ్‌కాస్ట్ (ఈ ఐపీ అడ్రస్ ఎవరిదని అందరినీ అడిగే సందేశం) లూప్‌లో పడితే చాలు, కేబుల్ పీకేదాకా తిరుగుతూనే ఉంటుంది.

నేను ఒక కాలేజీలో నెట్‌వర్క్ చూసే రోజుల్లో, దసరా సెలవుల్లో బల్లలు మార్చారు. తెరిచిన రోజు ఉదయమే అంతా స్తంభించింది. నెట్‌వర్క్ మీదుగా స్విచ్‌లోకి వెళ్లడమే కుదరలేదు, ల్యాప్‌టాప్‌ను నేరుగా స్విచ్‌కు కలిపే కన్సోల్ కేబుల్ పెట్టాల్సి వచ్చింది. స్విచ్ తనలో రాసుకునే లాగ్ నిండా ఒకే మ్యాక్ అడ్రస్ (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు సంఖ్య) రెండు పోర్టుల మధ్య, అంటే కేబుల్ పెట్టే రెండు చోట్ల మధ్య, మారుతోందన్న హెచ్చరికలే. వాటిని వరుసగా చదువుతుంటే ఒక విషయం కనిపించింది: మొదటి పోర్టు ప్రతిసారీ వేరు, రెండోది మాత్రం ఎప్పుడూ 14. ప్రతి పోర్టులో వచ్చీపోయే ఫ్రేమ్‌లను లెక్కపెట్టే కౌంటర్లు కూడా అదే చెప్పాయి. బయటికి పోయే బ్రాడ్‌కాస్ట్ అన్ని పోర్టుల్లోనూ విపరీతంగా ఉంది, లోపలికి వచ్చేది 14లో మాత్రమే. చూడవలసింది లోపలికి వచ్చే లెక్కనే. ఆ కేబుల్ తీయగానే మిగతా భవనమంతా కోలుకుంది.

14కు అవతల రెండో అంతస్తు స్విచ్. అక్కడ ఒక బల్ల మీద, నెట్‌వర్క్ కేబుల్‌తో పనిచేసే ఐపీ ఫోన్ నుంచి కంప్యూటర్‌కు వెళ్లవలసిన కేబుల్‌ను కూడా ఎవరో గోడ సాకెట్‌లోనే పెట్టారు. స్విచ్‌లు తమలో తాము మాట్లాడుకుని అదనపు దారిని మూసేసే స్పానింగ్ ట్రీ ఉన్నదే ఇలాంటి లూప్‌ను ఆపడానికి. రేడియా పెర్ల్‌మన్ 1985లోనే దాన్ని రూపొందించారు. కానీ దానివల్ల కంప్యూటర్లు నెట్‌వర్క్‌లోకి రావడానికి 30 సెకన్లు పడుతోందని ఆ స్విచ్‌లో దాన్ని ఎప్పుడో ఆపేశారు. కంప్యూటర్లున్న పోర్టులను ఎడ్జ్ పోర్టులుగా (అవతల మరో స్విచ్ లేదని చెప్పే సెట్టింగు) పెడితే ఆ ఆలస్యమే ఉండదు. ఇంత చిన్న సెట్టింగు తెలియక రక్షణనే తీసేయడం నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మీ స్విచ్‌లలో సెట్టింగులే లేవన్నారు కాబట్టి లాగ్ దొరకదు. ఒక ల్యాప్‌టాప్‌ను మధ్య స్విచ్‌కు కలిపి, అదే స్విచ్‌లో ఉన్న ప్రింటర్‌కు పింగ్ (అవతలి పరికరం జవాబిస్తోందో లేదో చూసే పరీక్ష) ఆగకుండా నడపండి. తక్కిన స్విచ్‌లకు వెళ్లే కేబుళ్లను ఒక్కొక్కటిగా తీసి, పది సెకన్లు చూసి, మార్పు లేకపోతే మళ్లీ పెట్టండి. ఏది తీస్తే పింగ్ కుదురుకుంటుందో లూప్ అటువైపే. ఆ స్విచ్ దగ్గరికి వెళ్లి మళ్లీ ఇదే చేయండి. రెండు కేబుళ్లలో ఏది తీసినా గోల ఆగుతోందంటే, ఆ రెండూ ఎక్కడో ఒకేచోట కలుస్తున్నాయన్నమాట.

తర్వాత కనీసం మధ్య స్విచ్‌ను మార్చండి. స్పానింగ్ ట్రీతో పాటు లూప్ డిటెక్షన్ కూడా ఉన్నది తీసుకోండి. కొన్ని చౌక స్విచ్‌లు స్పానింగ్ ట్రీ సందేశాలను దాటనివ్వవు, అప్పుడు బల్లకింది లూప్‌ను పట్టుకునేది ఈ లూప్ డిటెక్షనే.