యురేకా తిరుగుబాటు రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ మొదటి అధ్యాయం చదివాను. 1854 డిసెంబరు 3, ఆదివారం తెల్లవారుజామున ఆస్ట్రేలియాలోని బల్లరాట్‌లో, బంగారం తవ్వేవాళ్లు కట్టుకున్న యురేకా ఆవరణపై సైనికులు విరుచుకుపడటంతో కథ ఎత్తుకున్నావు. తుపాకుల మోత బాగానే వినిపించింది గాని, వాళ్లెందుకు తిరగబడ్డారో నాకు అందలేదు. ఆ పోరు అరగంటైనా సాగలేదు. దానికి ముందరి మూడేళ్ల ఉక్రోషం నీ కథలో ఎక్కడుంది?

ముందు గోతిలోకి దిగు. పైపైన బంగారం దొరికే రోజులు అప్పటికే పోయాయి. చెక్కలతో గోడలు కట్టుకుంటూ, ఊట నీరు తోడుకుంటూ, నూరడుగులకు పైగా నెలల తరబడి తవ్వాక అడుగున బంగారం ఉండవచ్చు, ఉత్త మట్టే ఉండవచ్చు. 1851లో నెలకు 30 షిల్లింగులతో మొదలై తరువాత కొంత తగ్గిన తవ్వకపు లైసెన్సు రుసుము మాత్రం దొరికినవాడికీ దొరకనివాడికీ ఒక్కటే. పోలీసు కేకేస్తే పైకి వచ్చి కాగితం చూపాలి; బురదలో పాడవుతుందని గుడారంలో ఉంచి వచ్చినవాడు నేరస్థుడే. బల్లరాట్ ఉన్న విక్టోరియా వలసరాజ్యపు గవర్నర్ హోథమ్ ఈ తనిఖీలను వారానికి రెండుసార్లు చేయమన్నాడు. ఆ ఎక్కడం, దిగడం నిదానంగా ఒక పేజీ రాస్తే, బల్లరాట్‌లోని బేకరీ హిల్ గుట్టపై వాళ్లు లైసెన్సులు తగలబెట్టినప్పుడు పాఠకుడికి వేరే వివరణ అక్కరలేదు.

స్కోబీ అనే తవ్వేవాడి హత్య, అందులో అనుమానితుడైన బెంట్లీ హోటలును తోటివాళ్లు తగలబెట్టడం రెండు పేరాల్లో ముగించవచ్చు. తిరుగుబాటు తరువాత 1855లో రాజద్రోహ విచారణ ఎదుర్కొన్న 13 మందిలో ఒక్కరినీ జూరీ దోషిగా తేల్చలేదు. వారిలో మొదట బోనెక్కినవాడు జాన్ జోసెఫ్ అనే నల్లజాతి అమెరికన్. అతణ్ణి నువ్వు తలవనైనా లేదు, అది పెద్ద లోటు.

ఇక తిరుగుబాటుదార్ల నాయకుడు పీటర్ లాలర్ నీ కథలో మరీ దేవుడిలా ఉన్నాడు. ఆ పోరులో ఎడమ చేయి కోల్పోయినవాడే 1855లో విక్టోరియా శాసనమండలిలో అడుగుపెట్టాడు. 1873లో క్లూన్స్ అనే ఊళ్లో, తాను డైరెక్టరుగా ఉన్న గని కంపెనీ, కార్మికుల సమ్మెను విరవడానికి చైనా కూలీలను రప్పించబోయినప్పుడు కంపెనీవైపే ఉన్నాడు. అతను ఐర్లండులో పార్లమెంటు సభ్యుడి కొడుకు, చదువుకున్న ఇంజనీరు. నవలను 1854లోనే ఆపినా, సొంత ఆస్తిపై అతనికి గల మమకారం కలిసి పోరాడతామని తోటివాళ్లతో ప్రమాణం చేయించే వేళ కూడా కాస్త కనిపించాలి.

ఆ గోతి అధ్యాయం రాసి పంపు. మిగతాది అది చదివాక రాస్తాను.