ఓడని అంత తొందరగా ముంచకు

తమ్ముడూ,

నిజంగా మునిగిన ఓడ మీద నువ్వు రాసిన సినిమా స్క్రిప్టు ఆసాంతం చదివాను. మొదటి సీనులోనే తుపాను, మెరుపులు, ఓడ రెండు ముక్కలు. అంత తొందరేమొచ్చింది? టికెట్టు కొన్న ప్రతివాడికీ ఆ ఓడ మునుగుతుందని తెలుసు. తెలియనిది ఓడలో ఉన్నవాళ్లకే. ప్రేక్షకుణ్ణి కుర్చీలోంచి కదలనివ్వనిది ఆ తేడాయే.

అది ఎక్కడ దొరుకుతుందంటావా? విచారణ కాగితాల్లో. టైటానిక్ మునిగాక బ్రిటన్‌లో జరిగిన విచారణలో సాక్షులకు వేసిన ప్రశ్నలే 25 వేలు దాటాయి. చదవడం విసుగే, కాదనను. కానీ మధ్యలో ఇలాంటివి తగులుతాయి.

1912 ఏప్రిల్ 14 రాత్రి కాలిఫోర్నియన్ అనే ఓడ మంచుగడ్డల మధ్య ఆగిపోయింది. దాని వైర్‌లెస్ ఆపరేటరు ఆ సంగతి టైటానిక్‌కి చెప్పబోయాడు. అటువైపున్న జాక్ ఫిలిప్స్ ప్రయాణికుల టెలిగ్రాములు ఒడ్డునున్న కేప్ రేస్ వైర్‌లెస్ స్టేషన్‌కి పంపే హడావిడిలో ఉన్నాడు. పనిలో ఉన్నాను, నోరుమూసుకో అని విసుక్కున్నాడు. కాలిఫోర్నియన్ కుర్రాడు కాసేపు విని, పదకొండున్నర దాటాక హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టి పడుకున్నాడు. 11.40కి టైటానిక్ మంచుకొండని గుద్దుకుంది. తర్వాత సాయం కోసం అది ఎగరేసిన రాకెట్లు కాలిఫోర్నియన్ డెక్ మీదున్నవాళ్లకి కనిపించాయి కూడా. ఆపరేటర్ని నిద్రలేపాలని తెల్లవారేదాకా ఎవరికీ తోచలేదు.

ఇందులో విలన్ ఎవరు? పని నెత్తిన పడినవాడొకడు, నిద్ర ముంచుకొచ్చినవాడొకడు. ఈ సీను తీయడానికి చుక్క నీళ్లు అక్కర్లేదు, నిర్మాతకి ఖర్చూ లేదు. అలాగే, 65 మంది పట్టే మొదటి లైఫ్‌బోటు సగం కూడా నిండకుండానే కిందికి దిగింది. దీపాలు వెలుగుతున్న అంత పెద్ద ఓడని వదిలి, చీకట్లో వేలాడుతున్న చెక్కపడవ ఎక్కడానికి జనం జంకారు. నీ ఓడకీ ఇలాంటి గంట ఒకటి ఉండే ఉంటుంది. ఇంటర్వెల్ అక్కడ పెట్టు.

ఇక నీ కెప్టెన్ సంగతి. ఆయన్ని తాగుబోతుని చేశావు. ఏ సాక్షి చెప్పాడు? ఎవరూ చెప్పకపోతే, కథ కోసం అలా చేశానంటే నేనొప్పుకోను.

1997లో వచ్చిన టైటానిక్ సినిమా కోసం కట్టిన సెట్టులో ఓడకి కుడివైపు మాత్రమే పూర్తిగా ఉంది. అసలు ఓడ సౌతాంప్టన్ రేవులో ఎడమవైపు ఆనుకుని ఉండేది. అందుకని ఆ సీన్లకి బోర్డుల మీదా దుస్తుల మీదా అక్షరాలు తిరగేసి రాయించి, షూటింగ్ అయ్యాక బొమ్మని అద్దంలోలా తిప్పేశారు. చూడు, ఎంత పట్టింపో! అదే సినిమాలో ఫస్ట్ ఆఫీసర్ విలియం మర్డాక్ ప్రయాణికుల్ని కాల్చి, తననీ కాల్చుకుంటాడు. ఆ రాత్రి ఒక ఆఫీసరు కాల్చుకున్నాడని కొందరన్న మాట నిజమే గానీ, అది మర్డాకేనని తేలలేదు. స్కాట్లండ్‌లోని ఆయన సొంతూరు డాల్‌బీటీ భగ్గుమంది. 1998లో నిర్మాణ సంస్థ ప్రతినిధి ఆ ఊరు వెళ్లి క్షమాపణ చెప్పి, ఆయన పేరిట స్కూల్లో ఇచ్చే బహుమతికి 5,000 పౌండ్లు ఇచ్చి వచ్చాడు. ఆ సినిమాలో హీరో హీరోయిన్లే కల్పిత పాత్రలు. ఆ పని చేసిన ఆఫీసరుకీ ఒక కల్పిత పేరు పెట్టి ఉంటే ఏం పోయేది?

అలాగని కాగితం లేనిచోట కలం ఆపేయమనడం లేదు. 1991 అక్టోబరులో ఆండ్రియా గెయిల్ అనే చేపల పడవ ఆరుగురితో సహా అట్లాంటిక్‌లో మాయమైంది. చివరి రేడియో మాట తర్వాత ఏం జరిగిందో చెప్పడానికి ఒక్కరూ మిగల్లేదు. 2000లో దాని మీద సినిమా తీసినవాళ్లు ఆఖరి గంటలన్నీ ఊహించి రాసుకోవలసిందే, రాశారు. కెప్టెన్ కుటుంబంతో సహా కొందరు కోర్టుకెక్కారు. 2005లో ఫ్లోరిడా సుప్రీంకోర్టు సినిమావాళ్ల పక్షానే తీర్పు చెప్పింది. అంతమాత్రాన నువ్వు నిశ్చింతగా ఉండకు. ఒక్కో దేశంలో చట్టం ఒక్కోలా ఉంటుంది, ముందే ఒక లాయరుకి చూపించు. అంతకన్నా ముందు పోయినవాళ్ల ఇళ్లకి వెళ్లు. పర్మిషన్ కోసమని కాదు. ఆ మనిషి బూట్లు ఎక్కడ విప్పేవాడో, ఏ మాటకి చిరాకుపడేవాడో ఏ విచారణా అడగదు. నీ ఊహకి అవే కావాలి. నలభై పేజీలు చదివినా నీ కెప్టెన్ ఎలా నవ్వుతాడో నాకు తెలియలేదు.

తుపాను సీను బాగానే కుదిరింది, పారేయకు. వెనక్కి నెట్టు. దాని చోట ఓడ బయల్దేరిన పూట రాసి పంపు. కెప్టెన్ మీద ఆధారం దొరికితే ఆ కాగితం నకలు కూడా జతచెయ్యి. దొరక్కపోతే ఆ సీసా తీసేయ్.

ఉంటాను.